ట్యాబ్లెట్‌లో న్యూస్2: కూడిక అది చేస్తుంది, ఊపిరి మనమే లెక్కపెట్టాలి

రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో న్యూస్2గా సవరించిన న్యూస్ స్కోరు బ్రిటన్ వార్డుల్లో అందరికీ అలవాటే. పేషెంటు పరిస్థితి దిగజారుతోందా అన్నది పాయింట్లతో ముందే పసిగట్టే లెక్క ఇది. ఇప్పుడు చాలాచోట్ల కాగితం పోయి ట్యాబ్లెట్ వచ్చింది. సిస్టర్ వైటల్స్ (ఊపిరి, బీపీ, పల్స్ లాంటివి) కొడితే స్కోరు అదే వేసి, మళ్లీ ఎప్పుడు చూడాలో, ఎవర్ని పిలవాలో చెబుతుంది.

దీని సత్తా ఒక్క పేషెంటు దగ్గర తెలిసిపోతుంది. ఊపిరి నిమిషానికి 22, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95, ఆక్సిజన్ పెట్టి ఉంది, పై బీపీ 108, పల్స్ 104, జ్వరం 38.4 సెల్సియస్, స్పృహ బాగానే ఉంది. విడివిడిగా ఏదీ కంగారు పెట్టదు. పాయింట్లు మాత్రం వరుసగా 2, 1, 2, 1, 1, 1, 0. మొత్తం 8. 7 వచ్చినా చాలు, ఎమర్జెన్సీ టీమ్‌కి కబురు వెళ్లాలి. రద్దీ షిఫ్టులో ఈ కూడిక చేత్తో తప్పడం మామూలే. ఇక్కడ ఆ బాధ లేదు, ఐదుకు ఐదు మార్కులు.

చిక్కంతా ఊపిరి గడి దగ్గరే. బీపీ, పల్స్, శాచురేషన్ మిషన్ చూపిస్తుంది. ఊపిరి మాత్రం నిమిషంపాటు ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. తీరిక లేక 18 అని కొట్టేస్తే అదే పేషెంటుకి 8 కాస్తా 6 అవుతుంది. నిరంతరం చూడాల్సిన మనిషిని గంటకోసారి చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కి ఈ సంగతి తెలియదు, పాపం!

రెండో చిక్కు సీఓపీడీ, అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే పేషెంట్లకు శాచురేషన్ 88–92 లక్ష్యంగా పాయింట్లు వేసే రెండో స్కేలు ఉంది. దాన్ని నిర్ణయం తీసుకునే అర్హత ఉన్న వైద్య సిబ్బందే ఎంచి రాయాలి. మరిచి మొదటి స్కేలులో వదిలేస్తే 89కి ఊరికే 3 పాయింట్లు పడి ఫోన్లు మోగుతాయి. ఆక్సిజన్ మీద 97 ఉంటే మాత్రం శాచురేషన్‌కి 0 చూపిస్తుంది. నిజానికి అక్కడే 3 పడాలి, ఆక్సిజన్ ఎక్కువైందన్నమాట.

కొనేముందు రెండు చూడండి. వైఫై పోయినప్పుడు ఆలస్యంగా ఎక్కించిన రీడింగుకు చూసిన టైమ్ పడుతుందా, కొట్టిన టైమ్ పడుతుందా? డ్యూటీ డాక్టర్ అలర్ట్ తీయకపోతే అది పై డాక్టర్‌కి వెళ్తుందా? వెళ్లకపోతే మోగీ మోగీ ఊరుకుంటుంది, అంతే.

16 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఈ స్కోరు వాడకూడదు. ఆ వార్డులకు లైసెన్సు అంటగడితే డబ్బు కట్టకండి.