ఇరవై ఆరోసారి ఆనెగొంది

ఆనెగొంది ఊరు దాటి పడమరగా నడిస్తే, అరటితోటలు ఆగిపోయి కొండ మొదలయ్యే చోట, ఉత్తరానికి ముఖం పెట్టుకుని ఒక బండ ఉంటుంది. రెండున్నర నిలువుల ఎత్తు. 1998 డిసెంబరులో మొదటిసారి దాని మీద చేయి వేశాను. అప్పటి నుంచి ఈ ఏటి దాకా ఇరవై ఎనిమిది చలికాలాలు. అందులో రెండే తప్పాయి, మా అమ్మాయి కడుపులో ఉన్న ఏడాది ఒకటి, కరోనా ఏడాది ఒకటి.

ఈ జనవరిలో పది రోజులు ఉండి వచ్చాను. హంపీకి బండలెక్కడానికి వెళ్లాలనుకుంటున్నాం, ఎక్కడ దిగాలి, ఏమి తీసుకెళ్లాలి అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లందరికీ కలిపి ఒక్కసారే రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, నాకు పక్షపాతం ఉంది. హంపీ ఉన్నది తుంగభద్రకు దక్షిణపు ఒడ్డున, ఆనెగొంది ఉత్తరపు ఒడ్డున. ఆ ఉత్తరపు ఒడ్డు నా పక్షం.

పడినా పెద్ద దెబ్బ తగలనంత ఎత్తులో, తాడు లేకుండా, కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి నురుగు పరుపు పరుచుకుని ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. బిగుతైన బూట్లు, చేతులకు రాసుకునే చాక్ పొడి, పడేటప్పుడు వెనక నిలబడి మన నడుమును ప్యాడ్ మీదికి మళ్లించే తోడు మనిషి ఉంటే చాలు. దానికి ఈ చోటు ఎందుకంత పేరు తెచ్చుకుందో అర్థం కావాలంటే రాయి సంగతి కొంత తెలియాలి. బెంగళూరు దగ్గరి రామనగర పాత పేరు క్లోజ్‌పేట. అక్కడి గ్రానైట్‌కు ఆ పేరే స్థిరపడింది. ఆ రాతి పట్టీ ఉత్తరంగా దాదాపు 400 కిలోమీటర్లు సాగి ఇక్కడిదాకా వస్తుంది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఉండగానే అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడి, వాటిలోకి నీరు దిగి, మూలలు నెమ్మదిగా కుళ్లిపోయి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక మిగిలిన గుండ్లే మనం చూస్తున్నవి. ఎవరో తెచ్చి పేర్చినట్టు కనిపిస్తాయి గానీ అవి పుట్టిన చోటే ఉన్నాయి.

మూలలు కుళ్లడం అన్న ఆ ఒక్క మాటలో బండలెక్కేవాళ్ల కష్టమంతా ఉంది. నడిమి భాగంలో వేలి కొసలకు అందే పదునైన అంచులు దొరుకుతాయి, మేము క్రింప్‌లు అంటాం. పైకి వెళ్లేకొద్దీ బండ గుండ్రమవుతుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరచేతులు ఆనించి, గట్టు ఎక్కినట్టు ఒళ్లంతా పైకి నెట్టుకోవాలి. ఎక్కడో పెద్ద పెద్ద బండలెక్కి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పైఅంచు దగ్గర ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. పైగా ఈ రాతిలోని స్ఫటికాలు చర్మాన్ని ఆకురాయిలా రాస్తాయి. వరసగా రెండు రోజులు ఎక్కితే మూడో రోజు వేళ్లకు విశ్రాంతి ఇవ్వక తప్పదు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకే వెళ్లండి. వేడికి వేళ్లు చెమర్చితే రాయి జారుతుంది. తెల్లవారుజామున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా ఉండే పట్టు మళ్లీ రోజంతా రాదు. సాయంత్రం గాలి చల్లబడినా బండ పగలు తాగిన ఎండను వదులుతూనే ఉంటుంది. ఉత్తరం వైపు ముఖాలకు మాత్రం చలికాలమంతా నీడే, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. నా బండ అటువంటిది.

దాని మీద ఆరు చలికాలాలు పనిచేశాను. రెండు క్రింప్‌ల మీద మొదలుపెట్టి, కుడికాలు నడుమెత్తుకు తెచ్చి, ఎడమచేత్తో ఒక పలుచని అంచును అందుకోవాలి. ఆ అంచుకు మూరెడు ఎడంగా, విజయనగర కాలంలో రాళ్లు కొట్టినవాళ్లు బండను చీల్చడానికి ఉలితో తొలిచిన చిన్న గుంతల వరస ఉంది. చీలలు దిగ్గొట్టడానికి తొలిచి, ఎందుకో వదిలేశారు. ఆ గుంతల్లో వేళ్లు పెడితే పదేళ్ల పిల్ల కూడా ఎక్కుతుంది. నేను ఒక్కసారీ పెట్టలేదు. ఆ పని వాళ్లది, మధ్యలో ఆగిపోయినా వాళ్లదే. 2005 జనవరిలో ఒక పొద్దున పైకి చేరాను. పైన కూర్చుంటే వరిమళ్లు, అరటితోటలు, నది, దూరంగా విరూపాక్షుని గోపురం కనిపించాయి. దిగడానికి మనసు రాలేదు.

ఇక బసల సంగతి. మొదటిసారి దిగింది ఉత్తరపు ఒడ్డున, హంపీకి ఎదురుగా ఉన్న విరుపాపుర గడ్డెలో. పూరిగుడిసెలు, మడిగట్టు పక్కనే ఉయ్యాలలు, దేశదేశాల నుంచి వచ్చిన క్లైంబర్లు. అప్పట్లో మా దగ్గర క్రాష్ ప్యాడ్ లేదు, గదిలోని కొబ్బరిపీచు పరుపునే నెత్తిన పెట్టుకుని కొండకు మోసుకెళ్లాం. 2000ల తొలి ఏళ్లలో అమెరికా క్లైంబర్ క్రిస్ షర్మా వచ్చి వెళ్లాక రద్దీ బాగా పెరిగింది. అక్కడి బసలు రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా కట్టినవని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, మార్చికల్లా కూల్చేశారు. అంతకుముందు 2011లో హంపీ బజారు మండపాల్లో కాపురం ఉన్నవాళ్లనూ ఇలాగే ఖాళీ చేయించారు. కట్టడాలను కాపాడుకోవాలన్నదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ గుడిసెల్లో ఇరవై ఏళ్లు మాకు వండిపెట్టినవాళ్లు ఒక్క నెలలో చెల్లాచెదురైపోయారు. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు హంపీ వైపు ఉండాలంటే జనతా ప్లాటులో గదులు శుభ్రంగానే ఉంటాయి. గుళ్లు చూడటానికి అంతకన్నా దగ్గరి చోటు లేదు. బండలెక్కేవాళ్లకు మాత్రం పనికిరాదు. నది దాటించే పడవ కదిలేసరికి పొద్దెక్కుతుంది, చీకటి పడకముందే ఆగిపోతుంది, చివరి పడవ తప్పితే రోడ్డు మీద చాలా దూరం చుట్టి రావాలి. హోసపేట హోటళ్లలో లిఫ్టు, వేణ్ణీళ్లు అన్నీ ఉంటాయి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే అక్కడే దిగండి. మా అమ్మను తీసుకెళ్లిన రెండుసార్లూ నేను అదే చేశాను, అమ్మ సుఖపడింది, నా పొద్దుటి పూటలు మాత్రం ప్రయాణంలోనే పోయాయి.

సనాపురం వైపు కొత్త బసలు చాలా వచ్చాయి. పేరున్న బండలకు అవే దగ్గర. రెండేళ్ల క్రితం ఒక చోట, ప్రశాంతంగా ఉంటుందని మాట ఇచ్చి అడ్వాన్సు తీసుకున్నారు, రాత్రి ఒంటిగంట దాకా పాటల హోరు. మర్నాడు ఖాళీ చేస్తే మిగతా డబ్బు తిరిగి ఇవ్వలేదు. రాత్రి పాటలు పెడతారా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి. మరో మాట. 2025 మార్చిలో ఇక్కడి కాలువ దగ్గర రాత్రివేళ పర్యాటకుల మీద ఘోరమైన దాడి జరిగింది, ఒకరు ప్రాణం కోల్పోయారు. నాకు ఇన్నేళ్లలో ఈ ఊళ్ల మనుషుల నుంచి ఎన్నడూ భయం కలగలేదు. అయినా చీకటి పడ్డాక కాలువ గట్ల మీద, కొండల్లో ఉండకండి. ఈ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి. దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఎంతో దూరం లేదు.

2009 నుంచి నేను ఉండేది ఆనెగొందిలో ఒక ఇంట్లో. మొదట వెళ్లినప్పుడు అత్తగారు నడిపేవారు, ఇప్పుడు కోడలు. గదిలో దోమతెర, ఫ్యాను, రెండు మంచాలు. ఏసీ లేదు. వేణ్ణీళ్లు కట్టెల పొయ్యి మీద కాగుతాయి. ఈసారి రెండు పూటల భోజనంతో కలిపి రోజుకు 1,400 రూపాయలు ఇచ్చాను. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీల పొడి, గడ్డపెరుగు. బండలెక్కి వచ్చిన ఒంటికి అంతకన్నా ఏమి కావాలి? కరెంటు తరచూ పోతుంది. శనివారాలు, సెలవు రోజులు, హనుమంతుడు పుట్టిన చోటని ఇక్కడివాళ్లు నమ్మే అంజనాద్రి కొండకు జనం పోటెత్తుతారు, మైకులు తెల్లవారకముందే మొదలవుతాయి. ఇవి రెండూ ఓర్చుకోగలిగితే ఇంతకన్నా మంచి బస నాకు తెలియదు. నేను వచ్చానని తెలిస్తే ఐదున్నరకే టీ కాచి, "అక్కా, నీ రాయి ఇంకా అక్కడే ఉంది, తాగి వెళ్లు" అంటుంది ఆమె.

సేవల విషయంలో ఎక్కువ చెప్పాల్సింది ప్యాడ్‌ల గురించే. అద్దెకు దొరుకుతాయి, కానీ చాలావాటిలో నురుగు చచ్చిపోయి ఉంటుంది. మడతపెట్టి మోకాలితో నొక్కి చూడండి, నేల తగిలితే వద్దనండి. ఈ బండల కింద చదునైన నేల అరుదు, రాళ్లు, ముళ్లకంపలే ఎక్కువ, కాబట్టి మనిషికొక ప్యాడ్ ఉండాల్సిందే. స్కూటరు తీసుకుంటే బ్రేకులు చూసుకోండి. ఎక్కే ముందు బండను వేలి కణుపులతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే ఆ పొర ఊడిపోతుంది. ముందుకు వాలిన బండల కింద కొండ తేనెపట్లు ఉన్నాయేమో తలెత్తి చూడండి. గుడి, మండపం, చెక్కడం, సిందూరం పూసిన రాయి, ఇలాంటి వేటినీ ముట్టుకోకండి. వాటి పరిసరాల్లో కాపలావాళ్లు ఈల వేస్తే వాదించకుండా దిగిపోండి. మన వాదన వల్ల రేపు వచ్చేవాళ్లకు ఉత్తరపు ఒడ్డు కూడా మూసుకుపోవచ్చు.

వైద్యానికి గంగావతి వెళ్లాలి, పది పన్నెండు కిలోమీటర్లు. 2013లో నా మడమ మెలికపడి నడవలేకపోయినప్పుడు ఒక ఆటో ఆపాం. నా మూలుగు విని నడిపే పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో అడిగాడు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక కాలువ కింద సాగుకోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల ఊళ్లు గంగావతి చుట్టూ ఉన్నాయి, వాటిని క్యాంపులంటారు. ఆయనది ఒక క్యాంపు. ఎక్స్‌రే తీసి, కట్టు కట్టే దాకా కూర్చుని, మళ్లీ ఆనెగొందిలో దింపాడు. వెళ్లిన దారికి మాత్రమే డబ్బు తీసుకున్నాడు.

హైదరాబాదు నుంచి గంగావతికి నేరుగా రాత్రి బస్సులున్నాయి, ఉత్తరపు ఒడ్డుకు అదే సులువు. విజయవాడ, గుంటూరు, నంద్యాల వాళ్లు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హోసపేట దిగవచ్చు. నదిని ఒకప్పుడు పుట్టిలోనే దాటేవాళ్లం. ఆనెగొంది దగ్గరి వంతెన పని కూడా కారణమై 1999లో యునెస్కో హంపీని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది, 2006లో తీసేసింది. ఆ వంతెన 2009 జనవరిలో, కడుతూ ఉండగానే కూలి కూలీలను పొట్టనపెట్టుకుంది. ఇప్పుడు బుక్కసాగరం దగ్గర మరో వంతెన ఉంది.

వేళ్లకు విశ్రాంతి ఇచ్చే రోజున ఒక్కచోటికే వెళ్లగలిగితే గంగావతి దగ్గరి హిరేబెణకల్ వెళ్లండి. కొండ మీద వందల రాక్షసగుళ్లు, అంటే రాతి సమాధులు, ఇనుపయుగం నాటివి. పలకలు నిలబెట్టి పైన కప్పు వేసిన తీరు చూస్తే, ఈ రాయితో మనుషుల స్నేహం ఎంత పాతదో తెలుస్తుంది. విఠలాలయం చూడటానికి జనం ఎటూ ఉంటారు.

బాదామి కూడా మంచిదే కదా అని చాలామంది అంటారు. మూడుసార్లు వెళ్లాను. ఎర్రని ఇసుకరాయి, నిటారు గోడలు, బిగించిన బోల్టులు, తాళ్లతో ఎక్కడం. తాడుతో ఎక్కేవాళ్లకు మన దేశంలో అంతటి చోటు మరొకటి లేదనే నేనూ అంటాను. వాన పడ్డాక మాత్రం ఆ రాయి మెత్తబడుతుంది, ఆరేదాకా ముట్టుకోకూడదు. మూడుసార్లూ అక్కడ బాగానే ఎక్కాను. మూడుసార్లూ తిరిగి వచ్చేటప్పుడు ఆనెగొందిలో ఒక పూట ఆగాను.

2016లో ఉంగరపు వేలి లోపలి పట్టీ తెగింది. మానింది కానీ క్రింప్‌లకు పాత బలం రాలేదు. ఆ తర్వాత నా బండను మళ్లీ ఎక్కలేకపోయాను. మొదటి రెండేళ్లు దాని ముందు కూర్చుని ఏడ్చాను. మూడో ఏడు ఊరికే కొండంతా తిరుగుతుంటే వాలు బండలు కంటపడ్డాయి. అంతవరకు నేను వాటిని బండలుగానే లెక్కపెట్టలేదు. వాటి మీద చేతులకు పని తక్కువ, పాదాలకు ఎక్కువ. కందిగింజంత గులాబీరంగు స్ఫటికం మీద బొటనవేలు మోపి, మడమ దించి, ఊపిరి బిగబట్టకుండా లేచి నిలబడాలి. తొందరపడితే జారుతుంది. దాదాపు ఇరవై ఏళ్లు పక్కనుంచి నడిచిపోయిన కొండలో సగం నాకు కొత్తగా దొరికింది.

ఈసారి పది రోజుల్లో ఆరు పూటలు ఒకే వాలు బండ మీద గడిపాను. నా పాత బండకు నలభై అడుగుల దూరంలోనే ఉంది. చివరి అడుగులో ఎడమపాదం మోపాల్సిన స్ఫటికం ఆరో పూట గానీ కనిపించలేదు, దాని మీద నాచు పట్టి ఉంది. మెత్తని బ్రష్‌తో తుడిచాను. ఒకసారి లేచి నిలబడ్డాను, అరచేయి పైఅంచును తాకింది, కానీ జారిపోయాను. మర్నాడే బస్సు. ఆ బ్రష్‌ను ఆనెగొంది ఇంట్లో, దోమతెర మేకుకు తగిలించి వచ్చాను. డిసెంబరు రెండో వారానికి గది చెప్పి ఉంచాను.