నీటి పురుగును గుర్తుపట్టడానికి ఫోన్ యాప్ మేలా, తెల్ల ట్రే మేలా?

సెలవులు దగ్గరపడితే చాలు, ఇదే ప్రశ్న. "మేడం, వాగులో దొరికిన పురుగును ఫోటో తీస్తే యాప్ పేరు చెప్పేస్తోంది కదా, ఇంకా ఈ ట్రే, భూతద్దం, పుస్తకం ఇవన్నీ ఎందుకు?" ఈ నెలలోనే ఇద్దరు సైన్స్ టీచర్లు, ప్రాజెక్టు చేస్తున్న డిగ్రీ పిల్లలు, చేపల చెరువు ఉన్న ఒకాయన అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే మంచిదనిపించింది.

ముందే చెప్పేస్తున్నా, నాది ట్రే పక్షం, అంటే పురుగును నీళ్ళతో సహా తెల్ల ట్రేలో వేసుకుని బతికుండగానే చూడడం. అలాగని యాప్‌ను తీసిపారేయను. రెక్కలొచ్చిన తూనీగల విషయంలో అది నాకంటే చురుకు. వాన వెలిశాక నెల్లూరు మైదానాల మీద గుంపులు గుంపులుగా తిరుగుతాయే పసుపు తూనీగలు, సముద్రం దాటి ఆఫ్రికా దాకా వలస పోయే పాంటాలా ఫ్లావెసెన్స్, దాన్ని ఒక మాదిరి ఫోటోతోనే పట్టేస్తుంది. తేదీ, చోటు రికార్డై ఉంటాయి, తప్పుంటే తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు సరిచేస్తారు. ఇదంతా ట్రే వల్ల కాదు. కానీ యాప్ నేర్చుకునేది జనం ఎక్కించిన ఫోటోల నుంచే. గట్టు మీద వాలిన ఎర్ర తూనీగను అందరూ ఫోటో తీస్తారు, బురదలో ఉన్న దాని పిల్లను తీసేవాళ్ళెంతమంది? మనకు దొరికేదేమో ఎక్కువగా ఆ పిల్లే, మట్టి రంగులో, తడిగా, సగం పాచి అంటుకుని.

అయినా అసలు తేడా ఫోటోల లెక్కలో లేదు. నీటి పురుగును గుర్తుపట్టడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఊపిరి ఎలా తీసుకుంటోంది? పైకి వచ్చి గాలి తీసుకుంటోందా, నీళ్ళలోనే మొప్పలతో సరిపెట్టుకుంటోందా? పైకొస్తే తల ముందు పెడుతోందా, తోకా? దీనికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఫోటోలో ఆ జవాబు కనపడదు, అది కనపడాలంటే పురుగు బతికి, నీళ్ళలో, మన కళ్ళముందు ఓ పది నిమిషాలు ఉండాలి.

ఇది నాకు చిన్నాయన చెరువు దగ్గర బాగా తెలిసొచ్చింది. ఆయనకు కోవూరు వైపు చేపపిల్లల నర్సరీ చెరువుంది. పోయిన ఏడాది ఆగస్టులో వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. "అమ్మాయ్, ఇదేందో చూడు, స్పాన్ వదిలే టైముకి చెరువు నిండా ఇవే" అని. స్పాన్ అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన చేపపిల్లలు. తువ్వాలు మీద ఒక పురుగు, అంగుళం లోపు, సన్నగా, గోధుమ రంగు, ఆరు కాళ్ళు, తోక దగ్గర ఏమీ లేదు. ఆ ఫోటోను యాప్‌లో పెట్టాను. నీటి పెంకుపురుగు లార్వా అంది. నేనూ ఆ మాటే నమ్మాను. ఆ లార్వా అయితే తోక కొస నీటి మీదికి పెట్టి గాలి తీసుకుంటుంది కాబట్టి దానికి చేపల రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పద్ధతి ఉంది, సబ్బు, నూనె కలిపి చల్లడం, హెక్టారుకు 18 కిలోల సబ్బు, 56 కిలోల నూనె. నీటి మీద నూనె తెర కడుతుంది, గాలికోసం పైకొచ్చినవన్నీ ఊపిరాడక చస్తాయి. అదే చెప్పాను, చిన్నాయన అదే చేశాడు. మర్నాడు గట్టు వెంబడి వెల్లకిలా ఈదే నల్లులు కుప్పలుగా చచ్చి తేలాయి. ఫోటోలోని ఆ పురుగులు మాత్రం నాచు పట్టుకుని నిక్షేపంగా ఉన్నాయి.

ఆదివారం ట్రే తీసుకుని పోయాను. టీ జాలితో నాచు కిందనుంచి ఓ పదింటిని తీసి తెల్ల ట్రేలో చెరువు నీళ్ళే పోసి, వేపచెట్టు నీడలో పెట్టుకుని కూర్చున్నా. పావుగంట చూశాను. ఒక్కటీ పైకి రాలేదు. కొన్నింటికి తోక దగ్గర మూడు చిన్న ఆకుల్లాంటివి ఉన్నాయి, కొన్నింటికి రెండు, ఒకదానికి ఒకటే. అప్పుడు అర్థమైంది. ఇవి సన్న తూనీగ పిల్లలు, వాలినప్పుడు రెక్కలు ముడుచుకుంటుందే, ఆ రకం. ఆ ఆకులు వాటి మొప్పలు. గట్టిగా పట్టుకుంటే బల్లి తోక లాగా వదిలేస్తాయి. చిన్నాయన తువ్వాలు మీద పెట్టినదానికి మూడూ ఊడిపోయాయి, అందుకే ఫోటోలో అది వేరే పురుగైపోయింది. మొప్పలతో బతికేదానికి నూనె తెర ఏం చేస్తుంది?

పక్కనే ఒక దోమ లార్వాను వదిలి లూప్ (కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం) పెట్టి చూశాను. తూనీగ పిల్ల చాలాసేపు కదల్లేదు, లార్వా దాని మొహం ముందుకు రాగానే గడ్డం కింద మోచెయ్యిలా మడిచి పెట్టుకున్న కింది పెదవి ఒక్కసారి చాచి పట్టేసింది. రెప్పపాటు కూడా పట్టలేదు. చిన్నాయన కూడా లూప్ తీసుకుని చూసి, "మన స్పాన్‌కీ ఇదే గతి అన్నమాట" అన్నాడు. తర్వాత సన్న కన్నుల వలతో నాలుగైదుసార్లు లాగించి, స్పాన్ వారం ఆలస్యంగా వదిలాడు. ఈ ఏడాది నీళ్ళు మరీ ముందుగా పెట్టలేదు, తూనీగలు గుడ్లు పెట్టి పిల్లలు ఎదిగే లోపలే స్పాన్ పడింది.

ఫోటోలో కవలల్లా ఉండి, నీళ్ళలో చూస్తే వేరుపడేవి ఇంకా చాలా ఉన్నాయి. మూడు తోకల సంగతే తీసుకోండి. మేఫ్లై (రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే బతికే సన్న పురుగు) పిల్లకూ ఎక్కువగా మూడే, కానీ అవి దారాల్లా ఉంటాయి, దాని మొప్పలు పొట్ట పక్కన వరసగా ఉండి రెపరెపలాడుతుంటాయి. సన్న తూనీగ పిల్ల పాములా పక్కకు పక్కకు మెలికలు తిరుగుతూ ఈదుతుంది, ఈదే రకం మేఫ్లై పిల్ల పొట్టను పైకీ కిందికీ కొడుతుంది. లావు తూనీగ పిల్లకు తోక ఆకులే ఉండవు, వెనకనుంచి నీళ్ళు లోపలికి పీల్చి అక్కడి మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, బెదిరిస్తే అవే నీళ్ళు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. ట్రేలో పెన్సిల్ మొనతో కాస్త తాకి చూడండి, పిల్లలు ఒకసారి చూస్తే ఇంక మర్చిపోరు.

నల్ల పెంకుపురుగుల్లో రెండు కుటుంబాలు (దగ్గరి జాతుల గుంపులు) అచ్చం ఒకేలా ఉంటాయి. డైటిసిడే తోక పైకెత్తి గాలి తీసుకుంటుంది, వెనక కాళ్ళు రెండూ ఒకేసారి తెడ్లలా వేస్తుంది. హైడ్రోఫిలిడే తల పైకి పెడుతుంది, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, పొట్ట కింద గాలి పొర వెండిలా మెరుస్తుంది. దోమ లార్వాలూ అంతే: అనాఫిలిస్ నీటి మీద అడ్డంగా పడుకుంటుంది, క్యూలెక్స్ తోక గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతుంది. చచ్చినదాన్ని స్లైడు మీద పెడితే ఈ పడుకోవడం, వేలాడడం ఉండవు కదా. మన చెరువుల్లో నీటి తేలు అని భయపడే పురుగు తోక కూడా ముల్లు కాదు, గాలి గొట్టమే, కుడితే ముందున్న ముక్కుతోనే కుడుతుంది. వెల్లకిలా ఈదే నల్లి కూడా మంట పుట్టేలా కుడుతుంది కాబట్టి చేత్తో పట్టకండి, చెంచా వాడండి.

నీళ్ళు మంచివో కాదో చూడాలనుకునే టీచర్లకు ట్రేనే చాలని గట్టిగా చెప్తాను. జాతి పేరు దాకా పోనక్కర్లేదు, కుటుంబం తెలిస్తే చాలు. బ్రిటన్‌లో మొదలైన బీఎండబ్ల్యూపీ మార్కుల పద్ధతి కుటుంబాలకే మార్కులిస్తుంది, 1 నుంచి 10 దాకా, మురుగు నీళ్ళను తట్టుకోలేని కుటుంబానికే ఎక్కువ మార్కులు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాడే పద్ధతి కూడా కుటుంబాల మీదే నడుస్తుంది. వానలు తగ్గాక డిసెంబరులో భైరవకోన గుహాలయాల పక్క వాగులో రాయి తిప్పితే, చదునుగా రాతికి అంటుకుపోయి, పీతలా పక్కకు జారే మేఫ్లై పిల్ల దొరికింది. ఆ హెప్టాజెనిడే కుటుంబానికి 10. ఊరి మురుగు కలిసే కాలువ బురదలో ఎర్రటి దారప్పోగుల్లాంటి కైరోనమిడ్ లార్వాలు దొరుకుతాయి, వాటికి 2. అవి ఎర్రగా ఉండేది మన రక్తంలోలాగే హిమోగ్లోబిన్ వల్ల, ఆక్సిజన్ అంతగా లేని బురదలో బతకాలి కాబట్టి. ఇక్కడా లెక్క ఊపిరి దగ్గరికే వచ్చింది చూడండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోప్, ఫోల్డ్‌స్కోప్, మంచి వస్తువే కానీ 140 రెట్లు పెద్దది చేస్తే సెంటీమీటరు పురుగులో ఒక కాలి వెంట్రుక కనిపిస్తుంది, పురుగు కనపడదు. ఆల్కహాల్‌లో వేసి ల్యాబ్‌లో చూడడం జాతి పేరు కావాల్సినవాళ్ళకు తప్పదు, రంగు మాత్రం పోతుంది. డీఎన్ఏ పరీక్ష మన పనికి అవసరం లేదు. పుస్తకాల్లో ఫ్రేజర్ 1933 నుంచి 1936 వరకు మూడు సంపుటాలుగా రాసిన తూనీగల పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. విదేశీ 'కీ'లు (ఒక్కో లక్షణం అడుగుతూ పేరు దాకా తీసుకెళ్ళే పట్టికలు) కుటుంబం దాకా నమ్మొచ్చు, ఆ తర్వాత మన పురుగుకు వాళ్ళ పేరు అంటించేస్తాయి.

ఖర్చు పెద్దది కాదు. తెల్ల ప్లాస్టిక్ ట్రే లేదా ఐస్‌క్రీం డబ్బా, టీ జాలి, చెంచా, కంసాలి కంటికి పెట్టుకునే 10 రెట్ల లూప్. లూప్‌ను కంటికి ఆనించి, పురుగునే దగ్గరికి తెచ్చుకోవాలి, చాలామంది తిరగేసి చేసి ఏమీ కనపడలేదంటారు. ముందు పది నిమిషాలు చూడడం, చూసింది నోట్‌బుక్‌లో రాయడం, ఆ తర్వాత నీళ్ళలో ఉండగానే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీయడం, అప్పుడు యాప్. యాప్ చెప్పిన పేరు మీరు చూసిన ఊపిరితో సరిపోకపోతే మీరు చూసిందే నమ్మండి.

ఒక్క జాగ్రత్త. పారే నీళ్ళలో పురుగులు ట్రేలో ఎక్కువసేపు బతకవు, నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, మేఫ్లై మొప్పలు మరీ వేగంగా కొట్టుకోవడం మొదలుపెడితే అదే గుర్తు. అప్పుడు ఫోటో రాకపోయినా సరే, తీసిన రాయి పక్కనే వదిలేయండి.