డెబ్బై దాటాక పెద్దపేగు క్యాన్సర్: కీమో ఎక్కించాలా, మాత్రలు సరిపోతాయా, ఆపరేషన్‌తో ఆపేయాలా?

పెద్దపేగు క్యాన్సర్ మూడో స్టేజీ అంటే పక్కనున్న లింఫు గ్రంథులకీ పాకిందని అర్థం. ఆపరేషన్ అయ్యాక మూడు దారులు: ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు నరంలోకి ఎక్కించి దాంతోపాటు మాత్రలు, కేపసిటబిన్ మాత్రలొక్కటే, లేదా కీమో మానేసి చెకప్‌లు.

ముందు లాభం సంగతి. ఏడు ట్రయల్స్ కలిపి 2001లో వేసిన లెక్కలో (రెండు, మూడు స్టేజీలు కలిపి) ఆపరేషన్ ఒక్కటే జరిగినవాళ్లలో నూటికి 64 మంది ఐదేళ్లు బతికారు. తర్వాత ఫ్లోరోయూరాసిల్ కీమో కూడా తీసుకున్నవాళ్లలో 71 మంది. డెబ్బై దాటినవాళ్లకీ దాదాపు ఇదే లాభం. నూటికి ఏడుగురంటే తక్కువేం కాదు. కానీ కీమో వద్దంటే ప్రాణం మీద ఆశ వదులుకున్నట్టేనని పెద్దాయన్ని భయపెట్టడం మాత్రం తప్పు. పైగా ట్రయల్స్‌లో చేరే పెద్దవాళ్లు సాధారణంగా ఆరోగ్యం బాగున్నవాళ్లే.

ఆక్సాలిప్లాటిన్ కలిపితే చిన్నవాళ్లకి అదనపు మేలుంది. డెబ్బై దాటినవాళ్లలో అది స్పష్టంగా కనబడలేదు. నష్టం మాత్రం కనబడుతుంది: చల్లనీళ్లు తాకితే వేళ్లు జివ్వుమంటాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేరు, కాలి చెప్పు జారిపోయినా తెలియదు. కొందరికి ఆ తిమ్మిరి ఏళ్ల తరబడి పోదు. ఆ వయసులో బాత్రూంలో పడి తుంటి విరిగితే క్యాన్సర్ కన్నా అదే పెద్ద గండం.

అందుకే నడుస్తూ, తన పనులు తాను చేసుకునే పెద్దవాళ్లకి చాలావరకు మాత్రలే మేలని నా అభిప్రాయం. కేపసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయూరాసిల్‌గానే మారుతుంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, విరేచనాలవుతాయి. రోజూ కంటే నాలుగుసార్లు ఎక్కువైతే మాత్ర ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కిడ్నీల విషయంలో జాగ్రత్త: బక్కపలచని పెద్దవాళ్లలో కండ తక్కువ కాబట్టి కిడ్నీలు బలహీనపడినా వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులో నార్మల్‌గానే కనబడొచ్చు, వయసు, బరువు కలిపి లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

గుండె బాగా బలహీనమైనా, మంచం పట్టినా మూడో దారే సరైనది. అప్పుడు కీమో ఒత్తిడి చేయకండి.

నిర్ణయానికి ముందు వృద్ధుల ఆరోగ్య అంచనా చేయమని అడగండి: ఈమధ్య పడ్డారా, వీధి చివరిదాకా నడవగలరా, మందులు తామే వేసుకుంటారా, మతిమరుపుందా. డెబ్బై దాటి క్యాన్సర్ ముదిరినవాళ్ల మీద చేసి 2021లో ప్రచురించిన ట్రయల్‌లో, ఈ అంచనా డాక్టర్ల చేతికిస్తే తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ నూటికి 71 నుంచి 51కి తగ్గాయి. మందు తగ్గించి మొదలుపెట్టినా ఆయుష్షు తగ్గలేదు.