సెన్సార్ లైన్ల సర్జ్ ప్రొటెక్టర్: సరుకు మంచిదే, ఎర్త్ వైరు సంగతే చెప్పలేదు

ఆరుబయట నీటి ట్యాంకు మట్టం కొలిచే సెన్సార్ పిడుగుల కాలంలో రెండుసార్లు పాడయ్యాక, 4-20 మిల్లీ ఆంపియర్ల లూప్‌కు (కొలతను ఆ పరిధిలోని కరెంటుగా పంపే తీగల జతకు) సరిపోయే సర్జ్ ప్రొటెక్టర్లు (తీగల్లో హఠాత్తుగా ఎగసే వోల్టేజీని, అంటే సర్జ్‌ను, ఎర్త్‌కు మళ్లించేవి) రెండు కొని, ఒకటి సెన్సార్ పక్కన, ఇంకొకటి ప్యానెల్‌లోని డిన్ రైల్ (పరికరాలు తగిలించే లోహపు పట్టీ) మీద బిగించాను. పిడుగు దగ్గరలో పడినా చాలు, పొడవాటి కేబుల్‌లో వేల వోల్టులు పుట్టవచ్చు కాబట్టి, ఒక కొసను మాత్రమే కాపాడితే రెండో కొసన ఉన్న పరికరం బలవుతుంది.

లోపలి అమరిక నాకు నచ్చింది. సర్జ్ రాగానే ముందుగా డయోడ్ నానోసెకన్లలో అడ్డుకుంటుంది. అది ఎక్కువ కరెంటును మోయలేదు కాబట్టి, కాస్త ఆలస్యంగా మేల్కొనే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు (వోల్టేజీ పెరిగితే లోపలి వాయువు గుండా కరెంటును పోనిచ్చే గొట్టం) ఆ భారాన్ని ఎర్త్‌కు మళ్లిస్తుంది. రెంటి మధ్య ఒక్కో తీగలో 4.7 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నా, 20 మిల్లీ ఆంపియర్ల వద్ద ఒక్కో ప్రొటెక్టర్ వల్ల లూప్ నష్టపోయేది 0.2 వోల్టు లోపే.

లోపమంతా మాన్యువల్‌దే. నేను మొదట ఎర్త్ వైరును, పొడవు మిగిలిందని, చుట్టగా చుట్టి ప్యానెల్ మూలన పెట్టాను. అలా పెట్టవద్దని అందులో ఎక్కడా లేదు. మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది కాబట్టి, కరెంటు మైక్రోసెకనుకు 1 కిలో ఆంపియర్ చొప్పున పెరిగితే ఆ మీటరు మీదే 1000 వోల్టులు నిలుస్తాయి, చుట్ట అయితే ఇంకా ఎక్కువ. ఇప్పుడు వైరును 10 సెంటీమీటర్లకు కత్తిరించి, రీడింగ్ చూపే పరికరపు ఎర్త్‌ను కూడా ప్రొటెక్టర్ ఎర్త్ టెర్మినల్‌కే కలిపాను.

దీనితో విద్యుదయస్కాంత జోక్యం కూడా తగ్గుతుందని ఆశించడం నా పొరపాటు. మోటారు డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) నడిచినప్పుడల్లా రీడింగ్ ఎగిరిపడడం మానలేదు. మెలితిప్పిన జత తీగల చుట్టూ షీల్డ్ (లోహపు పొర) ఉన్న కేబుల్ వేసి, షీల్డ్‌ను ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, మోటారు కేబుళ్ల నుంచి దూరంగా లాగాకే అది కుదుటపడింది.

పాడైతే తెలిపే సూచిక లేకపోవడం మాత్రం ఇబ్బందే. అయితే ప్లగ్ మాడ్యూల్ ఊడదీసినా లూప్ తెగదు కాబట్టి, పెద్ద ఉరుముల తరువాత దాన్ని తీసి మీటరుతో పరీక్షించుకుంటున్నాను, ఆ సమయంలోనూ ట్యాంకు రీడింగ్ ఆగడం లేదు.