జర్మనీ రైలు యాత్ర: ఏడేళ్ళు తిరిగాక నేను వేసుకునే ప్లాన్

మేం న్యూరెంబర్గ్ వచ్చి ఏడేళ్ళు దాటింది. కారు కొనలేదు. ఆఫీసుకైనా, పాప స్కూలుకైనా, సెలవుల్లో ఊళ్ళు తిరగడానికైనా రైలే. ఈ ఏడేళ్ళలో ఇండియా నుంచి వచ్చిన మా వాళ్ళకి నాలుగుసార్లు జర్మనీ చూపించాను. మొదట అమ్మానాన్నలు వచ్చారు, తర్వాత అత్తయ్యగారు మామయ్యగారు, ఆ తర్వాత తమ్ముడూ మరదలూ, పోయిన వేసవిలో మళ్ళీ అమ్మానాన్నలు. మొదటి ప్రయాణానికీ నాలుగోదానికీ మధ్య నేను చాలా నేర్చుకున్నాను. తెలుగువాళ్ళు ఎవరైనా పెద్దవాళ్ళని తీసుకుని జర్మనీ తిరగాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. జర్మనీ చూడటానికి రైలుని మించింది లేదు. స్టేషన్లు ఊరి నడిబొడ్డున ఉంటాయి. కొలోన్‌లో స్టేషన్ తలుపు దాటి బయట అడుగుపెడితే 157 మీటర్ల కెథెడ్రల్ నెత్తిమీదే ఉన్నట్టుంటుంది. కానీ టైంటేబుల్‌ని అక్షరం పొల్లుపోకుండా నమ్మి ప్లాన్ వేస్తే మాత్రం టెన్షన్ తప్పదు. దూరప్రాంత రైళ్ళలో 2024లో సమయానికి నడిచినవి 62.5 శాతమే. ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని వాళ్ళు ఆలస్యం కిందే లెక్కవేయరు, అది కూడా గుర్తుంచుకోవాలి.

మొదటిసారి నేను చేసిన తప్పు పది రోజుల్లో ఏడు ఊళ్ళు పెట్టడం. ప్రతి ఉదయం పెట్టెలు సర్దడం, హోటల్ ఖాళీ చేయడం, స్టేషన్‌కి పరుగు. మధ్యలో ఒక స్టేషన్‌లో రైలు మారడానికి 7 నిమిషాలే ఉంది. యాప్ చూపించింది కదా, సరిపోతుందిలే అనుకున్నాను. మేం ఎక్కిన రైలు 20 నిమిషాలు ఆలస్యంగా చేరింది, ఎక్కాల్సింది వెళ్ళిపోయింది, తర్వాతిది ఇంకో రెండు గంటలు ఆగాకే. జనవరి నెల, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ ప్లాట్‌ఫారం మీద లిఫ్ట్ పనిచేయడం లేదు. మా ఆయన పెట్టెలు మోస్తుంటే అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఆ రోజు అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఆ మెట్లు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఇప్పుడు మకాం పద్ధతి. పన్నెండు రోజులుంటే మూడు మకాంలు, మరీ అయితే నాలుగు. మకాం పెట్టిన ఊళ్ళో పెట్టెలు వదిలేసి, చుట్టుపక్కల ఊళ్ళకి చేతిసంచితో పొద్దున వెళ్ళి రాత్రికి రావడం. పోయిన వేసవిలో అమ్మానాన్నలకి న్యూరెంబర్గ్‌లో ఐదు రాత్రులు, బెర్లిన్‌లో మూడు, కొలోన్‌లో రెండు, చివరగా మైంజ్‌లో ఒకటి పెట్టాను. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లోనే దూరప్రాంత రైళ్ళ స్టేషన్ ఉంది కాబట్టి దిగినవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళక్కర్లేకుండా అక్కణ్ణుంచే రైలెక్కేయొచ్చు. అయితే దిగే రోజు టికెట్ ముందుగా కొనేటప్పుడు విమానం దిగే సమయానికీ రైలుకీ మధ్య కనీసం మూడు గంటలు వదులుతాను.

నేనుండే ఊరని గొప్ప చెప్పడం కాదుగానీ, మకాంకి న్యూరెంబర్గ్ చాలా మంచి చోటు. మ్యూనిక్‌కి వేగంగా వెళ్ళే రైల్లో గంట. బాంబర్గ్, రేగన్స్‌బర్గ్, వుర్జ్‌బర్గ్ మూడూ యునెస్కో జాబితాలో ఉన్నవే, మూడింటికీ మామూలు రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. రోటెన్‌బర్గ్‌కి మాత్రం అన్స్‌బాక్‌లో ఒకసారి, స్టైనాక్‌లో ఒకసారి మారాలి. పాత కోటగోడ మీద నడవడం పిల్లలకి ఎంత ఇష్టమో, కాబట్టి ఆ శ్రమ పడొచ్చు. జర్మనీలో మొట్టమొదటి ఆవిరి రైలు 1835 డిసెంబర్ 7న నడిచింది కూడా న్యూరెంబర్గ్ నుంచి పక్కనే ఉన్న ఫ్యూర్త్‌కి. ఆ ఇంజిన్ పేరు ఆడ్లర్, అంటే గద్ద. దాని నమూనా ఇక్కడి రైల్వే మ్యూజియంలో ఉంది. నాన్న తెనాలిలో స్టేషన్ దగ్గరే పెరిగారు. ఊళ్ళోంచి వెళ్ళే ప్రతి బండి పేరూ, టైమూ ఆయనకి నోటికొచ్చు. ఆ ఇంజిన్ దగ్గర ముప్పావుగంట నిలబడి, "మన బొంబాయి – ఠాణా బండి 1853లో. వీళ్ళు మనకంటే పద్దెనిమిదేళ్ళు ముందన్నమాట" అన్నారు.

ఇక టికెట్లు. మనవాళ్ళకి ముందుగా అర్థం కావాల్సింది, ఇక్కడ టికెట్ వేరు, సీటు వేరు. నాన్న మొదటిసారి వచ్చినప్పుడు టికెట్ చూసి, "ఏమ్మా, సీటు నంబరు వేయలేదేంటి, వెయిటింగ్ లిస్టా?" అని కంగారుపడ్డారు. వెయిటింగ్ లిస్ట్ అనేది ఇక్కడ లేదు. టికెట్ ఉంటే ఎక్కొచ్చు, ఖాళీ ఉంటే కూర్చోవచ్చు, లేకపోతే నిలబడాలి. పెద్దవాళ్ళు ఉంటే ఐసీఈ అనే వేగమైన దూరప్రాంత రైళ్ళలో సీటు రిజర్వేషన్ కచ్చితంగా చేయించండి. మనిషికి అయ్యే ఆ ఐదారు యూరోల దగ్గర పొదుపు వద్దు. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం సాయంత్రం నడవాలో కూడా చోటుండదు. రిజర్వు చేసుకున్న సీట్లో రైలు బయల్దేరిన పావుగంటలోపు కూర్చోకపోతే హక్కు పోతుంది. కాబట్టి ముందు సీట్లో కూర్చుని, తర్వాత పెట్టెలు సర్దుకోండి.

దూరప్రాంత టికెట్లలో ప్రధానంగా మూడు రకాలు. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదెక్కువ, ఆ రోజు ఆ దారిలో ఏ రైలైనా ఎక్కొచ్చు. ష్పార్‌ప్రైస్, సూపర్ ష్పార్‌ప్రైస్ చౌక, కానీ టికెట్ మీద రాసిన రైలే ఎక్కాలి. సూపర్ రకం రద్దు చేస్తే డబ్బులు రావు. నెలా రెండు నెలలు ముందు చూసుకుంటే ధరల్లో తేడా బాగా ఉంటుంది. నేను మామూలు ష్పార్‌ప్రైస్ కొంటాను, పెద్దవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పలేం కదా.

ఇక్కడ ఒక విషయం మెల్లగా చదవండి, నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. రైళ్ళు మారే ప్రయాణమైతే మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా ఒకే టికెట్ కొనండి. అలా కొంటే, గమ్యానికి 20 నిమిషాలు, అంతకు మించి ఆలస్యంగా చేరేలా ఉన్నప్పుడు, ఆ రైలే ఎక్కాలన్న నిబంధన ఎత్తేస్తారు. తర్వాత వచ్చే రైల్లో అదే టికెట్‌తో వెళ్ళొచ్చు. గంట ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగొచ్చు. అదే ముక్కలు ముక్కలుగా విడి టికెట్లు కొన్నామనుకోండి, మొదటి రైలు ఆలస్యానికి రెండో టికెట్ బాధ్యత వహించదు, కొత్తది కొనుక్కోవాలి. మామూలు రైల్లో పాసు మీద వెళ్ళి, పెద్ద స్టేషన్‌లో చౌక టికెట్ ఐసీఈ అందుకుందాం అనుకునేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

జర్మన్ రైల్వే వాళ్ళ డీబీ నావిగేటర్ యాప్‌లో రెండు సదుపాయాలున్నాయి, చాలామంది వాటిని తెరిచి చూడరు. ఒకటి, రైలు మారడానికి కనీసం ఎంతసేపు కావాలో మనమే చెప్పొచ్చు. నేను ఒక్కదాన్నే అయితే 15 నిమిషాలు పెడతాను, అమ్మ ఉంటే 30. రెండోది, మధ్యలో ఆగే ఊళ్ళు. ఒకే టికెట్‌లో రెండు ఊళ్ళ దాకా చేర్చి, ఒక్కోచోట ఎన్ని గంటలు ఆగుతామో చెప్పొచ్చు. న్యూరెంబర్గ్ నుంచి కొలోన్ వెళ్తూ వుర్జ్‌బర్గ్‌లో నాలుగు గంటలు ఆగి, పెట్టెలు స్టేషన్ లాకర్లో పెట్టి, రాజభవనం చూసి మళ్ళీ ఎక్కడం తమ్ముడితో వెళ్ళినప్పుడు చేశాం. ఇంకో ఊరు చూసినట్టయింది, హోటల్ ఖర్చు లేదు.

డాయిచ్‌లాండ్ టికెట్ గురించి అందరూ అడుగుతారు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దేశమంతటా లోకల్ రైళ్ళు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సులు అన్నీ ఇందులోనే. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంత రైళ్ళకి చెల్లదు. నాకైతే ఇది ప్రాణం. మకాం ఊళ్ళో ట్రామ్ టికెట్ ఎక్కడ కొనాలి, ఏ జోన్ అన్న గొడవే ఉండదు. కానీ పర్యాటకులు రెండు సంగతులు చూసుకోవాలి. ఇది ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకా లెక్క. 25న వచ్చి వచ్చే నెల 8న వెళ్ళేవాళ్ళకి రెండు నెలల డబ్బు పడుతుంది. పైగా ఇది చందా. ఆ నెలతో ఆపాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి, లేదంటే తర్వాతి నెలది కూడా తీసుకుంటారు. అత్తయ్యగారు మామయ్యగారు నెల మధ్యలో వచ్చారు కాబట్టి వాళ్ళకి ఇది కొనలేదు. మా బవేరియా రాష్ట్రంలో ఐదుగురి దాకా కలిసి వెళ్ళగలిగే బయర్న్ టికెట్ అనే ఒకరోజు టికెట్ ఉంది, అదే వాడాం. పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. పెద్దవాళ్ళు పూజ, టిఫిన్ ముగించుకుని బయల్దేరేసరికి ఎలాగూ తొమ్మిది దాటుతుంది.

ఐరోపా బయట ఉండేవాళ్ళకి జర్మన్ రైల్ పాస్ కూడా ఉంది. ఏ రోజు ఎక్కడికో తేల్చుకోకుండా తిరిగే కుర్రాళ్ళకి బాగుంటుంది. తేదీలు ఖాయమైన కుటుంబాలకి ముందుగా కొన్న టికెట్లే నయం అని నాకనిపించింది. పిల్లల సంగతి తేలిక. ఆరేళ్ళలోపు వాళ్ళకి టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పద్నాలుగు దాకా దూరప్రాంత రైళ్ళలో పెద్దవాళ్ళతో ఉచితమే, కాకపోతే టికెట్ తీసేటప్పుడే వాళ్ళనీ అందులో చేర్చాలి.

ఎక్కేటప్పుడు జాగ్రత్తలు. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు మీదా యాప్‌లోనూ చూపిస్తారు. కొన్నిసార్లు బోగీల వరస తిరగబడుతుంది, అందుకే చివరి పది నిమిషాలు బోర్డు మీద ఒక కన్ను వేసి ఉంచండి. కొన్ని రైళ్ళు మధ్యలో రెండుగా విడిపోతాయి. బెర్లిన్ నుంచి రైన్ నది వైపు వచ్చే ఐసీఈల్లో చాలావరకు హామ్ స్టేషన్‌లో విడిపోయి, ఒక సగం కొలోన్ దారి, ఇంకో సగం డ్యూసెల్‌డార్ఫ్ దారి పడతాయి. బోగీ మీద రాసిన గమ్యం చదివి ఎక్కాలి. బెర్లిన్ పెద్ద స్టేషన్‌లో న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన రైలు భూమి లోపల ఆగుతుంది, కొలోన్ వెళ్ళేది పై అంతస్తు నుంచి బయల్దేరుతుంది. మధ్యలో లిఫ్టుల కోసం క్యూ ఉంటుంది, 20 నిమిషాలు చేతిలో ఉంచుకోండి.

పట్టాల మరమ్మతులు ఇంకో పెద్ద విషయం. ముఖ్యమైన లైన్లని నెలల తరబడి పూర్తిగా మూసి బాగుచేస్తున్నారు. 2024లో ఫ్రాంక్‌ఫర్ట్ – మన్‌హైమ్ లైను అలాగే మూశారు, 2025 ఆగస్టులో హాంబర్గ్ – బెర్లిన్ మూశారు. అందుకే పోయిన వేసవి ప్లాన్‌లోంచి హాంబర్గ్ తీసేశాను. హోటల్ బుక్ చేయడానికి ముందే ఆ తేదీల్లో ఆ దారి తెరిచి ఉందో లేదో యాప్‌లో ప్రయాణ సమయం చూసి తెలుసుకోండి. మామూలు కంటే గంట ఎక్కువ చూపిస్తే ఏదో పని జరుగుతున్నట్టే.

తిండికి పెద్ద ఇబ్బంది లేదు. అమ్మ పులిహోర కలిపేది, పెరుగన్నం డబ్బాలో పెట్టేది, రైల్లో తింటే ఎవరూ ఏమీ అనరు. ఆదివారం ఊళ్ళో దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచే ఉంటాయి. స్టేషన్ బాత్‌రూంకి చిల్లర కావాలి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన దారి. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌కి 2002లో వేసిన హైస్పీడ్ లైన్లో గంటలో వెళ్ళిపోవచ్చు. కానీ ఆ లైన్లో సొరంగాలే తప్ప నది కనిపించదు. మేం చివరి మకాం మైంజ్‌లో పెట్టింది పాత లైన్ కోసమే. కోబ్లెంజ్‌లో చిన్న రైలెక్కి మైంజ్ దాకా గంటన్నర. రైన్ నది పక్కనే పట్టాలు, ప్రతి మలుపులో కొండమీద ఒక కోట, ఏటవాలు ద్రాక్షతోటలు. కోబ్లెంజ్ నుంచి వచ్చేటప్పుడు నది ఎడమ కిటికీ వైపు ఉంటుంది, ముందుగా ఎక్కి అటు కూర్చోండి. కౌబ్ దగ్గర నది మధ్యలో ఓడలా నిలబడ్డ చిన్న కోట వస్తుంది, అది కనిపించేది కాసేపే. బాఖరాక్‌లో దిగి ఊరు చూసి, గంట తర్వాత వచ్చే రైలెక్కాం. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కాబట్టి మళ్ళీ టికెట్ కొనే గొడవ లేదు.

నాన్న ఆ గంటన్నరా ఫోన్ బయటికి తీయలేదు. అమ్మ మాత్రం, "పాపికొండల్లో లాంచీ మీద వెళ్ళినట్టుందే, కాళ్ళు నొప్పెట్టకుండా" అంది. మర్నాడు మైంజ్ నుంచి లోకల్ రైల్లో అరగంటలో ఎయిర్‌పోర్ట్ చేరాం, విమానానికి ఇంకా నాలుగు గంటలుంది. చెక్-ఇన్ అయ్యాక నాన్న పాత టికెట్లన్నీ వరసగా మడిచి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకుంటూ, ఈసారి డ్రెస్డెన్ వైపు ప్లాన్ వెయ్యమ్మా అన్నారు.