తడిసిన లైఫ్ జాకెట్ వాపస్ తీసుకోరట!

నవ్వకండి. నిన్న సాయంత్రం రాణిగంజ్‌లో కౌంటర్ ముందు నిలబెట్టి నాతో అన్న మాటే ఇది. షాపు పేరు రాయను. కోట్‌పల్లికి కయాకింగ్‌కి పోయే మన హైదరాబాద్ వాళ్లలో సగం మందికి తెలిసిందే.

సంక్రాంతికి వైజాగ్ వెళ్తూ రెండు కొన్నా, నాకొకటి, మా పదేళ్ల వాడికొకటి. రెండూ కలిపి 2,600. లోపల లేబుల్ మీద '100 న్యూటన్లు' అని, అంటే నీళ్లలో పది కిలోల దాకా పైకి ఎత్తే బలం ఉందని, రాసి ఉంటే ఇంకేం చూడాలి అనుకున్నా. "కూసో అన్నా, చాయ్ తాగు. ఇది ఏస్కుంటే ఏనుగు గూడ తేల్తది" అన్నాడు షాపువాడు. తాగా. చాయ్ మాత్రం బాగుంది.

భీమిలిలో పొద్దున్నే బామ్మర్ది కయాక్ తీసుకుని ఒక్కడినే దిగా. మావాడు రెండోది చేతిలో పట్టుకుని, తన వంతు ఎప్పుడా అని ఒడ్డున గంతులేస్తున్నాడు. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తోంది. అలాంటప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి, తెడ్డు పెద్దగా వేయకుండానే పడవ లోపలికి పోతుంది. అదంతా నా ప్రతాపమే అనుకున్నా. వెనక్కి తిరగబోతే ఎదురుగాలి, పక్క నుంచి ఒక కెరటం, బోర్లా పడ్డా. సముద్రం కోసం చేసిన కయాక్‌కి ముందూ వెనకా నీళ్లు దూరని గదులుంటాయి. ఇది చెరువుల్లో తిప్పుకునే రకం, తొట్టిలా నిండిపోయింది.

జాకెట్ మొదట తేల్చింది. కాసేపటికి గడ్డం దగ్గరున్న నీళ్లు మూతికి, మూతి దగ్గరవి ముక్కుకి వచ్చాయి. నేను బతికింది కయాక్ పట్టుకుని వేలాడబట్టే. ఫైబర్ తెప్ప వాళ్లు చూసి వచ్చారు. నన్ను పైకి లాగడానికి ఇద్దరు పట్టారు, అంత నీళ్లు తాగింది జాకెట్. వాళ్లలో పెద్దాయన దాన్ని భుజం దగ్గర పిండి చూసి, "ఇదేటి బాబూ, పరుపా?" అన్నాడు.

నిజంగా పరుపే. ఇంటికొచ్చి బాల్కనీలో వేలాడదీస్తే మూడో రోజు కూడా కారుతోంది, మా ఆవిడ కింద బకెట్ పెట్టింది. కత్తెరతో కుట్లు విప్పితే లోపల గులాబీ, పసుపు, ఆకుపచ్చ ముక్కలు అతికించిన స్పాంజి. సోఫాల్లో కూరతారే, అదే. అసలు జాకెట్‌లో నీటిని పీల్చని ఫోమ్ ఉండాలి.

పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టా. కొన్న రోజు 'అన్నా' అన్నవాడే ఈసారి 'సార్'లోకి దిగాడు.

"ఇది వాడేసిన మాల్ సార్. తడిసింది కదా. తడిసినవి వాపస్ తీస్కోం."

"లైఫ్ జాకెట్ తడవకపోతే ఇంకేం చేస్తుందయ్యా?"

"మిమ్మల్ని నీళ్లల్ల పడమని ఎవరన్నరు సార్?"

పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఇంతవరకు ఓర్చుకున్నా. తర్వాత చల్లగా అన్నాడు: "పిల్లగానిది పొడిగనే ఉంది కదా, అది ఇయ్యండి. 800 ఇస్త, ఇంకెవరికన్నా అమ్ముకుంట." ఇంకెవరికన్నా! ఇంకో పిల్లాడికి!

రాత్రి నిద్రపట్టక ఇలాంటి ప్రమాదాల గురించి చదివా. 1993 మార్చి 22న ఇంగ్లండ్‌లోని లైమ్ బేలో కయాకింగ్‌కి వెళ్లిన స్కూలు పిల్లలు నలుగురు చనిపోయారు. కూర్చునే చోట నీళ్లు పడకుండా కప్పే స్ప్రే డెక్‌లు లేవు, గాలి సముద్రంలోకి తోసేసింది, సాయానికి పిలవడానికి వెలుగు చిమ్మే ఫ్లేర్లు లేవు. 1995లో అక్కడ ఏకంగా చట్టమే తెచ్చారు. వాళ్లవి చన్నీళ్లు, నాకు బంగాళాఖాతం గోరువెచ్చగా దొరికింది. మిగతా తప్పులన్నీ అవే, వరసగా. ఇంకో సిగ్గుచేటు: అలల ఎత్తు, గాలి గురించి దేశమంతటికీ సూచనలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్, సముద్రం లేని మన ఊళ్లోనే, ప్రగతి నగర్‌లో ఉంది. ఆఫీసుకి రోజూ దాని బోర్డు చూస్తూనే పోతా. ఆ రోజు హెచ్చరికలేమైనా ఉన్నాయా అని ఒక్కసారీ చూడలేదు. అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది, అందులోనూ దిగి చూడలేదు. చదువుకున్న వెధవని.

కొనేవాళ్లు ఇదొకటి చేయండి. జాకెట్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్న 5 కిలోల ఇనుప డంబెల్ కట్టి పూల్‌లో వేయండి. 50 న్యూటన్లదైనా తేలాలి. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554. బిల్లు అడిగి తీసుకోండి, నాకిచ్చిన దాంట్లో 'స్పోర్ట్స్ ఐటం' అని మాత్రమే ఉంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశా. పిల్లాడి జాకెట్ బీరువాలో పెట్టి తాళం వేశా. 800 కాదు, 8,000 ఇచ్చినా ఆ షాపువాడి చేతికి ఇవ్వను.