బీథోవెన్ 32 సొనాటాలు: నా ఓటు ఆనీ ఫిషర్‌కే

ముందే చెప్పేస్తున్నా, నాకు పియానో వాయించడం రాదు, వినడం ఒక్కటే. బీథోవెన్ 32 పియానో సొనాటాలూ (ఒక్క పియానో కోసమే కొన్ని భాగాలుగా రాసినవి, ఒక్కో భాగాన్ని మూవ్‌మెంట్ అంటారు) ఒక్క మనిషే వాయించిన సెట్లు ఓ అరడజను దాకా విన్నా, తిరిగి తిరిగి తీసేది మాత్రం హంగేరీ పియానిస్ట్ ఆనీ ఫిషర్‌దే.

మొదట కొన్నది విల్హెల్మ్ కెంఫ్ 1964-65 స్టీరియో సెట్, సెకండ్ హ్యాండ్‌లో. తీరా బాక్స్ విప్పితే మూన్‌లైట్ సొనాటా ఉన్న డిస్క్ మీదే గీత, మూడో మూవ్‌మెంట్ ఊపందుకునే చోటే ఎగిరిపోతుంది, అమ్మినాయన్ని అడిగితే మిగతావి బానే ఉన్నాయిగా సార్ అన్నాడు. ఉన్నాయి, అదీ నిజమే. కెంఫ్ వాయిస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా కబుర్లు చెప్తున్నట్టుంటుంది, కొత్తగా వినేవాళ్ళకి నేనైతే ఇదే ఇస్తా. కాకపోతే అప్పాషనాటా అనే సొనాటాలో కోపం రావాల్సిన చోట కూడా ఆయనకి రాదు.

ఆర్టుర్ ష్నాబెల్ అలా కాదు. 32 మొత్తం రికార్డు చేసిన మొదటి మనిషి ఈయనే, 1932-35లో, లండన్‌లో. అప్పటి రికార్డు ఒక పక్క నాలుగు నిమిషాలకే అయిపోయేది, ఆపి ఆపి వాయించాల్సిందే, పైగా గరగర. హామర్‌క్లావియర్ సొనాటా మొదటి మూవ్‌మెంట్‌కి బీథోవెన్ రాసిన మెట్రోనోమ్ అంకె (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే వేగం గుర్తు) 138, చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఈయన మాత్రం ఆ స్పీడ్ అందుకోవాల్సిందేనని దూకేశాడు, వేళ్ళు తడబడటం నాలాంటివాడికి కూడా తెలిసిపోతుంది, అయినా ఆపబుద్ధి కాదు. రోజూ వినాలంటే మాత్రం చెవులకి కష్టం.

ఇక ఆనీ ఫిషర్. 1977-78లో హంగరోటాన్ అనే రికార్డు కంపెనీ కోసం రికార్డు చేసింది, కానీ ఆవిడకి తృప్తి లేక బతికుండగా బయటికి రానివ్వలేదు, 1995లో పోయాకే వచ్చింది. సౌండ్ కాస్త గరుకు, ఎడం చేతి దెబ్బలకి హెడ్‌ఫోన్స్‌లో ఉలిక్కిపడతాం. ఓపస్ 111, అంటే చివరి సొనాటా, రెండో మూవ్‌మెంట్ పెట్టండి, అంత నెమ్మదైన పాట మూడో వేరియేషన్‌కి (అదే పాటని కొత్తగా మలిచిన రూపం) వచ్చేసరికి ఎగిరి గంతులేస్తుంది, జాజ్ అనే మాటే లేని 1822లో రాశాడంటే నమ్మబుద్ధి కాదు. చాలామంది ఇక్కడ మర్యాదగా దాటేస్తారు, ఈవిడ మొహమాటం లేకుండా కొడుతుంది, ఆ వెంటనే అంత గోలా అణిగిపోయి లోపల సన్నగా వణుకు మొదలవుతుంది చూడండి, నేను అక్కడ రెండుమూడు సార్లు పాలు పొంగబెట్టుకున్నా.

ఇటలీ పియానిస్ట్ పొల్లీని సెట్ 1975లో మొదలెట్టి 2014కి పూర్తయింది, అద్దంలా శుభ్రం, నాకే ఎందుకో చల్లగా అనిపిస్తుంది.

సోవియట్ పియానిస్ట్ గిలెల్స్‌ని ఎందుకు పెట్టలేదని అడుగుతారని తెలుసు. ఆయన సెట్ పూర్తి కాలేదు కదా, 1985లో పోయేసరికి ఇంకా ఐదు మిగిలాయి, వాటిలో మొట్టమొదటిదీ ఉంది, ఈ 111 కూడా ఉంది. అదొక్కటి రికార్డు చేసుంటే పైన టైటిల్ మార్చాల్సొచ్చేదేమో.